రోజుకి పది నిమిషాల చెయ్యి

ఏటా ఇంటర్ పేపర్లు దిద్దడానికి చల్లపల్లి నుంచి విజయవాడ వెళ్తాను. ఎకనామిక్స్ లెక్చరర్ని. క్షీణోపాంత ప్రయోజన సూత్రం అని మాకొక పాఠం ఉంది. ఒకే వస్తువును మళ్ళీ మళ్ళీ వాడుతుంటే దాని మీద మోజు తగ్గుతూ పోతుందని దాని సారాంశం. దాని మీద పిల్లలు రాసిన జవాబులు వరసగా ఒక బండిలు దిద్దితే ఆ సూత్రం ఎంత నిజమో మణికట్టుకి తెలిసొస్తుంది. ఒక ఏడాది మూడో రోజుకే నా కుడిచెయ్యి పెన్ను పట్టనని మొరాయించింది. బల్ల మీద పెట్టి పిసుక్కుంటూ ఉంటే, ఎదురు బల్ల దగ్గర కూర్చున్న లెక్చరరు, నాకంటే బాగా చిన్నవాడు, తనూ పెన్ను కింద పెట్టాడు. రెండు చేతులూ కుర్చీకి అటూ ఇటూ వేలాడేశాడు. చేతులు కడుక్కున్నాక తువ్వాలు దొరక్కపోతే విదిలిస్తామే, అట్లా మూడుసార్లు విదిలించాడు. తర్వాత అరచేతులు పైకి తిప్పి తొడల మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ ముప్ఫై దాకా లెక్కపెట్టుకున్నాడు.

ఆ పని అట్లా చేయించే మనిషి నాకు తెలిసి లోకంలో ఒక్కరే.

"మీరు గిటార్ నేర్చుకున్నారా అండీ?" అని అడిగాను.

అతను ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. "మీకెట్లా తెలుసండీ?"

"గవర్నరుపేటలో కదూ? బైండింగ్ షాపు మేడ మీద?"

అతని మొహం ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. "మాస్టారు పోయారండీ. మొన్న చలికాలంలో. మీకు తెలీదా?"

తెలీదు. తెలియకపోవడానికి తప్పు నాదే. ఇంకా పదిహేను పేపర్లు మిగిలి ఉన్నాయి. పెన్ను తీసుకుని అన్నీ దిద్దాను. ఆ పదిహేనుమందికీ మార్కులు కాస్త ధారాళంగానే పడి ఉంటాయి.

మాస్టారి పేరు ఇక్కడ రాయను. ఆయనే గుమ్మానికి బోర్డు పెట్టుకోలేదు. అడిగితే, "బోర్డు చూసొచ్చేవాళ్ళు నెల తిరక్కుండానే పోతారండీ. వెతుక్కుంటా వచ్చినోళ్ళు రెండు నెలలుంటారు" అనేవారు.

నేను వెతుక్కుంటూ వెళ్ళినదాన్నే. మా అన్నయ్య ఒకప్పుడు స్టైలు కోసం గిటార్ కొన్నాడు. వేళ్ళ కొసలు మండగానే స్టైలు మీద విరక్తి పుట్టి దాన్ని బీరువా పక్కన నిలబెట్టేశాడు. అమ్మ దానికి నా చున్నీలు తగిలించేది. నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా, కాలేజీ వార్షికోత్సవంలో వాయిస్తూ పాడాలనే పిచ్చి నాకు పట్టుకుంది. చున్నీలు తీసేసి, గిటార్ భుజాన వేసుకుని బయల్దేరాను. తొంభైల్లో ఒక ఆడపిల్ల గిటార్ మోసుకుంటూ ఏలూరు రోడ్డు మీద నడిస్తే రిక్షావాళ్ళు కూడా మెడలు తిప్పి చూసేవాళ్ళు.

మెట్లు ఇరుకు. కింద షాపులో ఉడికించే మైదా జిగురు వాసన పైదాకా వచ్చేది. పైన ఒకే గది, దాని ముందు చిన్న వరండా. మాస్టారికి అప్పుడు యాభై ఉంటాయేమో. భారీ మనిషి, నల్లగా, వెడల్పాటి భుజాలు. ఎడం మణికట్టు మాత్రం ఎవరిదో తెచ్చి అతికించినట్టు సన్నగా ఉండేది. నన్ను కూర్చోమని, నా చేతుల వంక చూసి, "ఎడం చెయ్యి గారు బాగున్నారా?" అని అడిగారు.

నా వెనక ఇంకెవరన్నా ఉన్నారేమోనని తిరిగి చూశాను.

ఆయన అందరినీ "అండీ" అనేవారు, పిల్లల్ని కూడా. చేతుల్ని మాత్రం "గారు" అనేవారు. "కుడి చెయ్యి గారు హుషారుగానే ఉన్నారు, ఎడం చెయ్యి గారికే కోపం వచ్చినట్టుంది" అని మొహంలో నవ్వు లేకుండా చెప్పేవారు. మొదట్లో నాకు నవ్వాగేది కాదు. కొన్నాళ్ళకి నేనూ ఇంట్లో అట్లాగే మాట్లాడటం మొదలుపెట్టి అమ్మచేత చీవాట్లు తిన్నాను.

మొదటి వారం నన్ను తీగ ముట్టుకోనివ్వలేదు. కుర్చీ అంచున కూర్చోబెట్టి, ఎడం పాదం కింద పాత న్యూస్‌పేపరు చుట్టిన ఇటుక పెట్టారు. మోకాలు పైకి లేస్తే గిటార్ మెడ లేస్తుంది, మెడ లేస్తే మణికట్టు వంగాల్సిన పని ఉండదు. "మణికట్టు వంగిందంటే లోపల దారి ఇరుకైనట్టేనండీ. పండగ ముందు రోజు బీసెంట్ రోడ్డు చూళ్ళేదూ? అందరూ నడుస్తానే ఉంటారు, ఒక్కరూ ముందుకి పోరు" అన్నారు.

రెండో వారంలో కాగితం పరీక్ష మొదలైంది. కింద షాపులో పుస్తకాల అంచులు కత్తిరించగా పడే సన్నటి కాగితం పేలికలు గుప్పెడు తెచ్చి కిటికీలో పెట్టుకునేవారు. గిటార్ మెడ వెనక నా బొటనవేలి కింద ఒక పేలిక ఉంచి, నన్ను తీగలు నొక్కమని, ఆ పేలికని మెల్లగా లాగేవారు. నున్నగా జారి వచ్చిందంటే పట్టు సరిగ్గా ఉన్నట్టు. చిరిగిందంటే ఆ రోజుకి పాఠం అయిపోయినట్టు.

"దొంగని పట్టుకున్నట్టు పట్టుకున్నారండీ. అదెక్కడికీ పారిపోదు. వదలండి."

మొదటి నెలలో నేను చింపిన పేలికలన్నీ కలిపితే ఆ షాపాయన ఇంకో పుస్తకం కుట్టేవాడు.

ఆయనది బందరు అవతల సముద్రం ఒడ్డున పల్లె. ఇంట్లో మగవాళ్ళందరూ వేటకి వెళ్ళేవాళ్ళే. ఆ సంగతి ఎప్పుడూ విడిగా చెప్పలేదు, పాఠంలోనే వచ్చేది. "మా నాన్న వల లాగుతుంటే చూడాలండీ. చేతులు ఊరికే కొక్కేల్లాగా తగిలించి, వీపుతో వెనక్కి వాలేవాడు. కొత్తగా వచ్చినోడు మణికట్లతో లాగి మూడో రోజుకి మంచం ఎక్కేవాడు. చెయ్యి బరువు చేతికే ఉందండీ. దాన్ని తీగ మీద వేలాడెయ్యండి, చాలు. మీరు నొక్కమాకండి." అని లేచి నిలబడి, లేని తాడు పట్టుకుని వెనక్కి వాలి చూపించేవారు. ఆ చిన్న గదిలో ఆయన అట్లా వాలితే తల వెళ్ళి తలుపుకి కొట్టుకునేది.

గదిలో గడియారం లేదు. అగరుపుల్లను మూడు ముక్కలు చేసి, ఒక ముక్క వెంకటేశ్వరస్వామి పటం ముందు వెలిగించేవారు. అది కాలడానికి పది నిమిషాలు, అటూ ఇటూగా. ముక్క ఆరగానే, చరణం మధ్యలో ఉన్నా సరే, గిటార్ కింద పెట్టెయ్యాలి. చేతులు విదిలించాలి. అరచేతులు పైకి పెట్టుకుని ముప్ఫై లెక్కపెట్టాలి.

"నొప్పేం లేదు మాస్టారూ. ఇంకాసేపు వాయిస్తాను."

"లేదు గనకే ఆపమంటున్నానండీ. నొప్పొచ్చాక ఆపటానికి నేనెందుకు, అదే ఆపుద్ది."

వాయించడం నేర్పే మాస్టార్లు ఊళ్ళో చాలామందే ఉండేవాళ్ళు. నెల తిరిగేసరికి రెండు సినిమా పాటలు వచ్చేటట్టు చేసి పంపేవాళ్ళు. ఈయన దగ్గర నెల తిరిగేసరికి ఆపడం ఒకటే వచ్చేది. అందుకని శిష్యులు ఎప్పుడు చూసినా ముగ్గురో నలుగురో ఉండేవాళ్ళు, అంతే.

ఆయన తువ్వాలు పిండేవారు కాదు. తడిసింది తడిసినట్టే వరండాలో తీగ మీద పడేస్తే, నీళ్ళు కారి కింద షాపు ముందు నిలబడ్డవాళ్ళ నెత్తిన పడేవి. షాపాయన పైకి చూసి "మాస్టారూ, వానండీ!" అని అరిచేవాడు. "ఎండ రానివ్వండి, తగ్గుద్ది" అని పైనుంచి జవాబు. ఇది రోజూ ఉండేదే. ఆవకాయ సీసా మూత కూడా తనంతట తాను తీసేవారు కాదు. ఎవరొచ్చినా, శిష్యులైనా పోస్ట్‌మాన్ అయినా, ముందు సీసా చేతికిచ్చి "ఈ మూత కాస్త తిప్పి పెడతారా అండీ" అనేవారు. ఎవరూ రాని రోజున పచ్చడి లేకుండానే తినేవారని షాపాయన ఒకసారి చెప్పాడు. అది విన్న దగ్గర్నుంచి నేను వచ్చేసేటప్పుడు మూత వదులుగా పెట్టి వచ్చేదాన్ని.

"మరీ అంత జాగ్రత్తేంటి మాస్టారూ?" అని ఓ రోజు అడిగేశాను.

ఆయన ఎడం చెయ్యి ఎత్తి చూపించారు. "వీరికి రోజుకి పది నిమిషాలే ఓపికండీ. అది దాటితే వేళ్ళు మొద్దుబారిపోతాయి, రెండ్రోజులు గ్లాసు కూడా పట్టుకోరు. ఉన్న పది నిమిషాలూ తువ్వాలు పిండటానికి పెట్టమంటారా?"

పాఠంలో ఆయన ఎందుకు వాయించి చూపించరో అప్పుడు అర్థమైంది. నా వేళ్ళు పట్టుకుని తీగల మీద సర్దేవారు గానీ, తన గిటార్ గోడకే ఉండేది. పది నిమిషాలు దాచి ఉంచేది సాయంత్రానికి.

ఆ చెయ్యి ఎట్లా పోయిందో కూడా ఆయనే చెప్పారు, పెద్ద హాస్యం చెబుతున్నట్టు. ఒకప్పుడు ఆర్కెస్ట్రాలో రిథం గిటార్ వాయించేవారు. రిథం అంటే పాట రాగం వాయించేది కాదు, పాడేవాళ్ళ వెనక తాళానికి తగ్గట్టు తీగలు మీటుతూ పాటని మోసేది. డ్రమ్స్ పక్కన, లైటు పడని చోట కుర్చీ. కూచిపూడి నుంచి ఇబ్రహీంపట్నం దాకా ఆయన వాయించని పందిరి లేదట. వాళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. పాడేవాళ్ళు పాట ఆపేదాకా రిథం ఆగకూడదు. గాయకుడు మాట మర్చిపోనీ, దగ్గు రానీ, మైకు పోనీ, వెనక రిథం తిరుగుతూనే ఉండాలి. పాడే మనిషి ఎప్పుడు తేరుకుంటే అప్పుడు అందుకోవడానికి పాట అక్కడే ఉండాలి.

ఒక ఊళ్ళో దసరా పందిరి. పల్లవి అవుతుండగా కమిటీ పెద్దమనిషి ఒకాయన స్టేజీ ఎక్కి గాయకుడి చెవిలో చెప్పాడు. ముఖ్య అతిథి గారు దార్లో ఉన్నారు. ఈ పాటంటే వారికి ప్రాణం. వారు మెట్లెక్కేటప్పుడు ఇదే మోగుతుండాలి, అందాకా నడిపించండి. గాయకుడు గొంతు దాచుకోవాలి గనక పక్కకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. మాస్టారి చెయ్యి మాత్రం బార్ పట్టులో ఉంది. చూపుడువేలు అడ్డంగా పరిచి ఆరు తీగల్నీ ఒక్కసారే నొక్కి ఉంచే పట్టు అది. మణికట్టుని నమిలేసేది అదే.

"ఎంతసేపు వాయించారు?"

"గంట పైనేనండీ."

"మధ్యలో ఆపేయొచ్చు కదా?"

"పాట ఆయన ఆపలేదు గదండీ."

"ఇంతకీ ఆ అతిథి వచ్చాడా?"

"రాలేదండీ. దార్లో ఇంకో పందిరోళ్ళు పట్టుకుపోయారంట." పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అప్పుడే ఓ నెల చేతికి విశ్రాంతి ఇచ్చి ఉంటే తగ్గేదని డాక్టరు తర్వాత అన్నాడట. దసరా అయితే దీపావళి, అది అయితే పెళ్ళిళ్ళు. బామ్ రాసుకుని వాయించారు. గుడ్డ చుట్టుకుని వాయించారు. ఎవరో చెబితే పసరు కట్టు కట్టించుకుని, ఆ కట్టుతోనే రెండు నెలలు వాయించారు. వేసవి వచ్చేసరికి చెయ్యి చచ్చుబడింది. ఆర్కెస్ట్రా ఇంకో మనిషిని పెట్టుకుంది. ఆయన ఇంటికి కూడా పోలేదు. "వల లాగలేని చెయ్యి, గిటార్ వాయించలేని చెయ్యి. ఏం మొహం పెట్టుకుని పోనండీ అక్కడికి" అన్నారు ఒకే ఒక్కసారి.

ఇదంతా విని కూడా నేను చేసిన పని చెప్పాలి. వార్షికోత్సవానికి ముందు ఇంట్లో రోజుకి మూడు అగరు ముక్కలు, మధ్యమధ్య విశ్రాంతి, అని ఆయన లెక్క పెట్టి పంపారు. నేను తలుపేసుకుని రెండేసి గంటలు ఏకబిగిన వాయించాను. పందొమ్మిదేళ్ళ దానికి మణికట్టు ఉందని ఎక్కడ గుర్తుంటుంది? ఇంకా పది రోజులుందనగా పాఠానికి వెళ్తే పేలిక చిరిగింది. ఇంకోటి పెట్టారు. అదీ చిరిగింది. మూడోది పెట్టకుండా నా మణికట్టు పట్టుకుని చూశారు.

"ఇంట్లో ఎంతసేపు వాయిస్తున్నారండీ?"

"మీరు చెప్పినంతే మాస్టారూ."

"నాతో అబద్ధం చెప్పండి, పర్లేదు. వీరితో చెప్పమాకండి. వీరు గుర్తుపెట్టుకుంటారు."

ఆయన గొంతు అంత కటువుగా ఉండటం నేను మళ్ళీ వినలేదు. పదిహేను రోజులు గిటార్ ముట్టుకోవద్దన్నారు. అంటే వార్షికోత్సవం పోయినట్టే. మెట్ల మీద కూర్చుని, కింద షాపాయన చూస్తున్నా సిగ్గుపడకుండా ఏడ్చాను. కాసేపటికి ఆయన తలుపు దగ్గరికి వచ్చి నిలబడి, "రేపూ రండమ్మా. సెలవు చేతికే గదా, గొంతుకి కాదుగా" అన్నారు.

ఆ పదిహేను రోజులూ వెళ్ళి పాడాను. ఒక పాత యుగళగీతం ఆయనకి బాగా నచ్చింది. రోజూ అదే పాడించుకునేవారు. కుడిచేత్తో మోకాలి మీద తాళం వేస్తూ, కళ్ళు మూసుకుని వినేవారు.

"మీరు వాయించొచ్చుగా మాస్టారూ?"

"నాది సాయంత్రానికుందండీ."

ఒకరోజు నా ఎకనామిక్స్ నోట్సు అక్కడే మర్చిపోయి, దీపాలు పెట్టే వేళకి మళ్ళీ వెళ్ళాను. మెట్లు సగం ఎక్కేసరికి అగరు వాసన వచ్చింది. తలుపు వేసి ఉంది. లోపల గిటార్ మోగుతోంది. నేను అక్కడే ఆగిపోయాను. ఆయన వాయిస్తుంటే వినడం అదే మొదలు.

పాట లేదు. రిథం ఒక్కటే. జీవితమంతా ఇంకొకరి పాట వెనక వాయించిన మనిషి కదా, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అదే వాయించుకుంటున్నారు. వింటూ ఉంటే తెలిసింది, అది నేను మధ్యాహ్నం పాడిన పాటే. పాడే మనిషి అందుకునే చోట ఆయన చప్పుడు తగ్గించి చోటు వదులుతున్నారు. చరణం అయిపోయే చోట మళ్ళీ కాస్త పెంచుతున్నారు. మధ్యలో ఎవరూ లేరు. పల్లవి ఎక్కడ ఎత్తుకోవాలో నాకు తెలుసు. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. ఆయన ఇబ్బంది పడతారని ఆగానని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, నాకు సిగ్గేసింది. ఇంతలో అగరు ముక్క ఆరిందేమో, చరణం మధ్యలో గిటార్ టక్కున ఆగింది. తర్వాత గదిలోంచి ఏ చప్పుడూ రాలేదు. నోట్సు తీసుకోకుండానే మెట్లు దిగాను.

డిగ్రీ అయింది. పైచదువు, పెళ్ళి, చల్లపల్లిలో ఉద్యోగం. మా ఆయన ఉద్యోగం వేరే ఊళ్ళో, నాది ఇక్కడ. అద్దె పోర్షన్లో ఒక్కదాన్నే. కాలేజీ నుంచి వచ్చి, ఉన్న ఆ రెండు గిన్నెలూ కడిగేసుకుంటే ఇంక చెయ్యడానికి ఏమీ ఉండేది కాదు. అప్పుడు తెలిసింది నాకు, సాయంత్రం అంటే ఎంత పొడుగ్గా ఉంటుందో. ఆ సాయంత్రాల్లోనే మాస్టారు తరచుగా గుర్తుకొచ్చేవారు. పాఠాలు మానేసిన పదేళ్ళకి ఒక ఆదివారం పొద్దున్నే బస్సెక్కి విజయవాడ వెళ్ళాను.

షాపులో కంప్యూటర్ పెట్టారు, జిగురు వాసన లేదు. మాస్టారు సగం అయిపోయారు. నన్ను చూసి గుర్తుపట్టి, నా మొహం కంటే ముందు చేతుల వంక చూశారు.

"ఎడం చెయ్యి గారు బాగున్నారా?"

"బాగున్నారండీ. గిటార్ మాత్రం మానేశారు."

"పోన్లెండి, బతికున్నారుగా."

శిష్యులు ఇద్దరే ఉన్నారన్నారు. ఇప్పుడు ఆర్కెస్ట్రాల్లో కూడా వెనక పాట అంతా ముందే రికార్డు చేసుకొచ్చి మీట నొక్కుతున్నారట. "దాని మణికట్టు నొయ్యదు, అదొక సుఖం" అన్నారు. సాయంత్రం సంగతి అడిగితే, పది నిమిషాలు ఇప్పుడు అయిదే అయ్యాయని, అగరు ముక్కని ఇంకా సగానికి విరుస్తున్నానని చెప్పారు.

పదేళ్ళ కిందట మెట్ల మీద మింగేసిన మాట అప్పుడు అనేశాను. "ఈ రోజుది ఇప్పుడే వాయించండి మాస్టారూ. నేను పాడతాను."

ఆయన తన ఎడం చేతి వంక చూసుకున్నారు. తర్వాత లేచి, అగరు ముక్క వెలిగించి, గోడకున్న గిటార్ తీసి, ఇటుక మీద కాలు పెట్టుకుని కూర్చున్నారు. ఏ పాట అని నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

పల్లవి పాడాను. మొదటి చరణం పాడాను. ఆయన చప్పుడు నా గొంతు కింద చాప పరిచినట్టు ఉంది. ఆ సంతోషం ఎట్లాంటిదో నేను రాయలేను. ఆయన కళ్ళు మూసుకోలేదు, నా మొహంలోకే చూస్తున్నారు. మళ్ళీ పల్లవికి వచ్చి, రెండో చరణం ఎత్తుకోబోతే మాట రాలేదు. మొదటి మాటే రాలేదు. పదేళ్ళు పాడని పాట అది. ఆయన తల ఊపి, ఇంకో చుట్టు తిప్పారు. రాలేదు. నేను పైకప్పు వంక చూస్తూ వెతుక్కుంటున్నాను. ఇంకో చుట్టు. అగరు ముక్క ఆరిపోయింది. నేను చూశాను, ఆయనా చూశారు. అయినా వాయిస్తూనే ఉన్నారు. ఆపండి మాస్టారూ అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఇంత దూరం వచ్చి సగం పాట పాడి ఊరుకోవడం నాకు నామోషీ అనిపించింది. ఇదిగో వచ్చేస్తుంది, ఇదిగో వచ్చేస్తుంది అనుకుంటూ నేను వెతుక్కుంటుంటే, నా కళ్ళ ముందే ఆయన మణికట్టు వంగిపోయింది. బొటనవేలు బిగుసుకుంది. అన్ని కాగితం పేలికలు పెట్టి నాచేత మాన్పించిన తప్పులన్నీ ఇప్పుడు ఆయన చెయ్యే చేస్తోంది. చివరికి వేళ్ళు వాటంతటవే జారి, తీగ ఒకటి జుమ్మని మోగి ఆగింది.

"క్షమించండమ్మా" అన్నారు ఆయన. "మీకంటే ముందు ఆపేశాను."

నేను ఏడుస్తూ ఆయన చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. ఎందుకట్లా వాయించారు, ఆపడం నేర్పింది మీరే కదా అని కోప్పడ్డాను కూడా. ఆయన నవ్వారు.

"ఎన్నేళ్ళయిందండీ నా వాయింపు మీద ఎవరన్నా పాడి. ఎట్టా ఆపుతాను?" తర్వాత అన్నారు, "ఈసారి వచ్చేటప్పుడు రెండో చరణం చూసుకుని రండి. వీరిని నేను బతిమాలి పెడతాలెండి."

ఆవకాయ మూత తీసి పెట్టి, మంచినీళ్ళు గ్లాసులో పోసి ఆయన కుడి చేతి వైపు ఉంచి వచ్చేశాను. రెండో చరణం ఆ వారంలోనే దొరికింది. మా కాలేజీ లైబ్రేరియన్ దగ్గర పాత పాటల పుస్తకం ఉంటే రాసుకున్నాను. కంఠతా పట్టాను. కానీ ఏటా పేపర్లకి విజయవాడ వచ్చినా ఆ మెట్లు ఎక్కలేదు. నేను వెళ్తే ఆయన వాయిస్తారు, ఉన్న ఆ కాస్త చెయ్యీ నా పాటకే పోతుంది, నేను వెళ్ళకపోతే సాయంత్రం పూట ఆయన అయిదు నిమిషాలు ఆయనకి ఉంటాయి. ఇట్లా అనుకున్నాను. ఆయన మంచి కోసమే దూరంగా ఉన్నాననుకుని, మూడేళ్ళు గడిపాను.

వాల్యుయేషన్ ఆఖరి రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ లెక్చరరు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. మాస్టారి దగ్గర చివరి రెండేళ్ళూ నేర్చుకున్నాడట. నేను ఉండబట్టలేక అడిగాను.

"సాయంత్రం పూట వాయించుకునేవారు కదా, చివరిదాకా వాయించారా?"

"లేదండీ. నేను చేరేటప్పటికే మానేశారు. చెయ్యి బానే ఉండేదండీ, అయిదు నిమిషాలు పర్లేదనేవారు. ఒక్కణ్ణే వాయించుకుని అరగ్గొట్టుకోవటం ఎందుకండీ, పాడే ఆవిడ ఒకావిడ రావాలి, అందాకా దాస్తున్నా అనేవారు. అగరుపుల్ల కూడా విరవకుండా నిండుది పటం దగ్గర పెట్టి ఉంచారు. రెండు చరణాలకీ సరిపోవాలంట."

"ఆవిడ వచ్చిందా?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలీదు.

"మేం ఉండగా అయితే రాలేదండీ. మీకేమన్నా తెలుసా, ఆవిడెవరో?"

తెలీదన్నాను. బెల్లు కొట్టారు. అతను చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళిపోయాడు. నేను కాసేపు అక్కడే కూర్చున్నాను. రెండో చరణం నాకు వచ్చు. ఒక్క మాట కూడా తడుముకోకుండా మొత్తం వచ్చు.